కొలిచేదెవరు, అడిగేదెవరు? సిద్దిపేట జిల్లాలో పర్యావరణ నిఘా తీరు

సిద్దిపేట జిల్లాలో రైతు బోరు వేయాలంటే అనుమతి కావాలి. మినహాయించిన కొన్ని జాతులు తప్ప పట్టా పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. వాగులో ఇసుక ఎత్తాలన్నా, గుట్టను పగలగొట్టి కంకర అమ్మాలన్నా, చెరువు పక్కన పునాది తీయాలన్నా ఏదో ఒక ఆఫీసు ముద్ర పడాల్సిందే. చట్టాల వరస చూస్తే చీమ కూడా చెప్పకుండా కదలదనిపిస్తుంది. బయటికొచ్చి చూస్తే బోరుబండ్లు చీకటి పడ్డాక ఊళ్లోకి వస్తూనే ఉంటాయి, ఇసుక ట్రాక్టర్లు తెల్లారకముందే వాగు దాటుతూనే ఉంటాయి. నిబంధనలు చాలడం లేదని కొందరు, సిబ్బంది చాలడం లేదని కొందరు అంటారు. సిబ్బంది మాటలో కొంత నిజముంది. కానీ అసలు జబ్బు మరొకటి. కొలిచే మనిషి, ఆ కొలతకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన మనిషి చాలాచోట్ల ఒక్కడే. కొలిచిన అంకె పైకి పోతుంది తప్ప ఊరి ముందుకు రాదు. ఒక్కో వనరును విడిగా తీసుకుని చూస్తే ఇది ఒక్కోచోట ఒక్కో తీరుగా బయటపడుతుంది.

ఈ నిఘాకు ముఖ్యమైన ఆధారం 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం. జనం నోట అది వాల్టా. రాష్ట్ర స్థాయిలో ఒక ప్రాధికార సంస్థ, జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన మరొకటి, కింద మండల స్థాయిలో ఇంకొకటి అని మూడంచెలుగా రాశారు. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయరాదు, బోరుబండి యజమాని రిజిస్టరు చేసుకోవాలి, నీరు మితిమీరి తోడిన ప్రాంతాల్ని నోటిఫై చేసి కొత్త బావుల్ని ఆపవచ్చు. మంచి చట్టమే. తెలంగాణ వచ్చాక పరిశ్రమలకు రాష్ట్ర సొంత కాలుష్య నియంత్రణ మండలి, ఇసుకకు 2015 నిబంధనలు, పల్లెకు 2018 పంచాయతీరాజ్ చట్టం, పట్నానికి 2019 పురపాలక చట్టం దీని పక్కన చేరాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాగా ఏర్పడిన సిద్దిపేట ఈ చట్టాలన్నింటికీ ఒకేసారి పరీక్షా స్థలమైంది. కొన్నేళ్లలోనే ఇక్కడ పెద్ద జలాశయాలు లేచాయి, హైదరాబాద్ వైపు మండలాల్లో పరిశ్రమలు పెరిగాయి, యాసంగి వరి విస్తరించింది.

చట్టం రాసినవాళ్లు ఊళ్లో ఒక కన్ను ఉంటుందని అనుకున్నారు. ఆ కన్ను చరిత్ర చూడండి. నిజాం కాలంలో పటేలు, పట్వారీ, చెరువు తూము దగ్గర నీరడి ఉండేవారు. ఎవరి మడికి ఎన్ని గడియల నీళ్లో నీరడికి తెలుసు. ఆ ఏర్పాటు దొరతనానికి కాపు కాసింది కూడా, దాన్ని తలచుకుని కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1980లలో పటేల్ పట్వారీ వ్యవస్థను తీసేసింది. తర్వాత వచ్చిన వీఆర్వోలను 2020 సెప్టెంబరులో రద్దు చేశారు. వీఆర్ఏలను 2023లో ఇతర శాఖల్లో సర్దారు. 2025లో గ్రామ పాలన అధికారుల పేరుతో మళ్లీ మనుషుల్ని పంపారు. అంటే ఇసుక బండి ఏ దారిన పోతోందో, ఎవరి పొలంలో రాత్రి బోరు పడిందో తెల్లారేసరికి తహసీల్దారుకు చెప్పే రెవెన్యూ మనిషి కొన్నేళ్లపాటు ఊళ్లో లేడు. చట్టం ఉంది, చట్టం కన్ను పోయింది.

ఆ ఖాళీని పంచాయతీ కార్యదర్శితో నింపారు. 2018 చట్టం ప్రకారం ప్రతి ఊళ్లో నర్సరీ ఉండాలి, బడ్జెట్లో పదో వంతు పచ్చదనానికి పెట్టాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. బతక్కపోతే సర్పంచ్ మీద, కార్యదర్శి మీద చర్య. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతితో ఊరూరా ట్రాక్టరు, ట్యాంకరు, డంపింగ్ యార్డు, పల్లె ప్రకృతి వనం వచ్చాయి. వీటివల్ల ఊళ్ల ముఖం మారింది, అది కాదనలేం. రాజీవ్ రహదారి దిగి ఏ ఊరి దారి పట్టినా ఇరుపక్కల చెట్లు కనిపిస్తాయి.

కానీ నిఘా సంగతి వేరు. మొక్కలు లెక్కపెట్టేది కార్యదర్శి, లెక్క తగ్గితే మెమో అందుకునేదీ అతనే. అలాంటప్పుడు రిజిస్టరులో 84 అని రాసేవాడెవడు? పొద్దున్నే మోరీ తీయించి, ఫోటో కొట్టి, పారిశుద్ధ్య యాప్‌లో ఎక్కించి, తర్వాత పన్ను వసూలుకు, ఆపైన ఉపాధి హామీ పనికి పోయే మనిషి అతను. వాగు దగ్గర ఎన్ని ట్రాక్టర్లున్నాయో చూసే తీరిక అతనికి లేదు, ఉన్నా వాటిని ఆపే అధికారం లేదు. ఫోటో నిఘాకున్న గుణం ఒక్కటే, కెమెరా ఎటు తిప్పితే అటే చూస్తుంది.

జీవవైవిధ్య రిజిస్టర్లది ఇంకా విచిత్రం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి, ఊరి చెట్టూ చేమా పిట్టా పురుగూ వివరాలతో ప్రజా రిజిస్టరు తయారవ్వాలి. పదిహేడేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2020 జనవరి 31 లోపు పూర్తి చేయకపోతే రాష్ట్రాలు నెలకు 10 లక్షల చొప్పున కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో హెచ్చరించేసరికి దేశమంతటా పరుగులు మొదలయ్యాయి. ఇప్పుడు దేశంలో రెండున్నర లక్షలకు పైగా రిజిస్టర్లున్నాయి. తన ఊరి రిజిస్టరును చూసినవాళ్లు ఎంతమందో పాఠకులే చెప్పాలి.

ఇన్ని వంకలు పెట్టాక, పనిచేసిన చోటు కూడా చెప్పాలి. సిద్దిపేట పట్టణం చెత్త విషయంలో రాష్ట్రంలో పేరు తెచ్చుకుంది. తడి, పొడి, హానికర చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయడం, బుస్సాపూర్‌లో తడి చెత్తతో బయో సీఎన్జీ తీసే ప్లాంటు పెట్టడం, చెత్త వేరు చేయడం నేర్పే ‘స్వచ్ఛ బడి’ నడపడం, పెళ్లికీ పేరంటానికీ ప్లాస్టిక్ గ్లాసులు కొనకుండా స్టీలు గిన్నెలు అరువిచ్చే స్టీల్ బ్యాంకులు తెరవడం, ఇవన్నీ ఇక్కడ జరిగాయి. నాయకుల పట్టుదల, నిధుల వాటా ఉన్నమాట నిజమే. నాకు ముఖ్యంగా తోచేది మరొకటి. చెత్త దగ్గర తనిఖీ రోజూ, గుమ్మం ముందే, నలుగురి కళ్లెదుటే జరుగుతుంది. బండి మీది అక్క బుట్ట మూత తీసి చూస్తుంది, కలిపేసి ఉంటే ‘ఇట్లయితే తీస్కపోనమ్మా’ అంటుంది, పక్కింటివాళ్లు వింటారు. అక్కడ జరిమానా కంటే ఆ మాటే పనిచేస్తుంది. అలాగే ఇబ్రహీంపూర్ ఊరివాళ్లు ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకున్నారు. గుంత ఉందో లేదో తేల్చడానికి ఏ ఇంజినీరూ రానక్కర్లేదు, ఆ ఇంటి ముందు వాడకం నీళ్లు పారుతున్నాయా లేదా అన్నది దారిన పోయేవాడికే తెలుస్తుంది. కంటికి కనిపించే దాని మీద స్థానిక సంస్థలు బాగానే నిఘా పెట్టగలవని సిద్దిపేట చూపించింది. చిక్కంతా కంటికి కనిపించని దాని దగ్గర.

కంటికి కనిపించనిది భూగర్భ జలం. సిద్దిపేటది గట్టి రాతి నేల. నీళ్లు రాతి పగుళ్లలో, పాడైన రాతి పొరల్లో ఉంటాయి. పాయింటు చూసేవాడు కొబ్బరికాయ పట్టుకుని పొలమంతా తిరుగుతాడు, తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరుబండి రాత్రంతా మోగుతుంది, గ్యాపు తగిలితే పండుగ, దుమ్ము లేస్తే అప్పు. ఉమ్మడి మెదక్ పల్లెల్లో ఒకే పొలంలో వరసగా ఫెయిలైన బోర్లున్న కుటుంబాలు కొల్లలు. అలాంటప్పుడు వాల్టా 250 మీటర్ల నిబంధన అడ్డుపెట్టి ఎండిన పొలం ముందు నిలబడ్డ రైతును ఆపడం ఏ తహసీల్దారుకైనా కష్టమే. ఆపినవారు తక్కువ.

నీటి మట్టం కొలిచే ఏర్పాటు మనకుంది. భూగర్భ జల శాఖ జిల్లాలో అక్కడక్కడా పీజోమీటర్లు వేసింది. చూస్తే మామూలు కేసింగు పైపే, పైన మూత, మూతకు తాళం. నెలనెలా మట్టం తీసుకుంటారు, కొన్నింట్లో ఆటోమేటిక్ యంత్రాలున్నాయి. జిల్లా సగటు ఎన్ని మీటర్ల లోతుందో పత్రికల్లోనూ వస్తుంది. కొలవనిది తోడకం. వ్యవసాయ బోరుకు మీటరు లేదు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక మోటారు ఎన్ని గంటలు తిరిగిందో చెప్పే ఆధారం ఊళ్లో ఏదీ మిగల్లేదు. అందుకే శాఖ లెక్క కట్టేటప్పుడు బోర్ల సంఖ్యను, ఒక్కో బోరు సగటున తోడే నీటితో గుణిస్తారు. ఊరిన నీటిలో 70 శాతం లోపు తోడితే సురక్షితం, 90 దాటితే ప్రమాదం, నూరు దాటితే మితిమీరిన వాడకం అని ముద్ర వేస్తారు. ముద్ర గట్టిదే, దాని కింది అంకె అంచనా.

ఈ విషయంలో న్యూజిలాండ్‌ను చూడటం పనికొస్తుంది. అక్కడ 1989లో ప్రాంతీయ మండళ్ల హద్దుల్ని చాలావరకు నదీ పరీవాహకాల వెంట గీశారు, 1991 వనరుల నిర్వహణ చట్టంతో నీటి అనుమతులు, తనిఖీలు వాటి చేతికిచ్చారు. సెకనుకు 5 లీటర్లు, అంతకు మించి తీసుకునే అనుమతిదారు మీటరు పెట్టాలని 2010లో నిబంధన చేశారు. 2020 సవరణతో పదిహేను నిమిషాలకో రీడింగు తీసి రోజూ మండలికి పంపమన్నారు. తనిఖీ ఖర్చు కూడా అనుమతి తీసుకున్నవాడి మీదే వేయవచ్చు. అంతా సవ్యంగా ఉందని కాదు. పాడి పరిశ్రమ పెరిగిన కాంటర్‌బరీలో నీటి నిర్వహణ సరిగా లేదన్న కారణం మీద 2010లో ప్రభుత్వం ఎన్నికైన మండలి సభ్యుల్ని తప్పించి కమిషనర్లను కూర్చోబెట్టింది. మనకు ప్రత్యేకాధికారుల పాలన ఎలాంటిదో వాళ్లకు అదలాంటిది.

ఆ మీటరు పద్ధతి మనకు పనికిరాదు. మన రాతి నేలలో బోరు పోసే నీరు చాలాచోట్ల ఆ 5 లీటర్ల గీత దాకా రాదు. పైగా మోటార్లకు మీటర్లన్న మాట 2020 నవంబరు దుబ్బాక ఉప ఎన్నికలో ఎంత మోగిందో జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. కొలవని తోడకానికి మందు మన దగ్గరే ఒకసారి దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 నుంచి కొన్నేళ్లు రైతులే భూగర్భ జలాన్ని నిర్వహించుకునే పథకం నడిచింది. కరవు జిల్లాలు ఏడింట్లో ఆరువందలకు పైగా ఊళ్లు. వాటిలో నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి. రైతులే టేపు దించి బావుల్లో మట్టం కొలిచారు, వానమాపకం చూశారు, యాసంగికి ముందు కూర్చుని ఊరికి ఎంత నీరుంది, వరి ఎన్ని ఎకరాలు వేస్తే ఎంత పోతుందని లెక్క వేశారు. ఆ లెక్కను గోడ మీద రాశారు. ఫలానా పంట వేయవద్దని ఎవరూ హుకుం జారీ చేయలేదు. అంకె అందరి ముందూ ఉండటంతో చాలామంది తక్కువ నీటి పంటల వైపు మళ్లారు. పథకం ముగిశాక దాన్ని పంచాయతీల పనిగా మార్చకపోవడం ఈ మొత్తం చరిత్రలో పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

ఇప్పుడు జిల్లాలో నీళ్లు పైకొచ్చాయి కదా అంటారు. వచ్చాయి. 2020లో రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్, 2021లో మల్లన్నసాగర్ నిండటం మొదలయ్యాక, మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశాక బావుల్లో తేడా కనిపించింది. 2021 వేసవిలో హల్ది వాగు, కూడవెల్లి వాగులకు నీళ్లు వదిలితే ఎండిన చెక్‌డ్యాములు పొర్లాయి. కానీ ఎత్తిపోసిన నీటితో పెరిగిన మట్టాన్ని నిఘా విజయమని రాసుకుంటే మోసపోతాం. 2023 అక్టోబరు 21న కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాక ఎత్తిపోత ఎంత నమ్మకమైనదో రాష్ట్రమంతా చూసింది. పైనుంచి వచ్చే నీరు తగ్గిన ఏడాది తోడకం ఎంతన్న ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది. జవాబు చెప్పే పుస్తకం ఏ పంచాయతీలోనూ లేదు.

ఇసుక కథ మరీ ముదురు. కూడవెల్లి వాగు, మోయతుమ్మెద వాగు ఈ జిల్లాకు జీవనాడులు. ఒకటి ఎగువ మానేరుకు, మరొకటి దిగువ మానేరుకు పోతాయి. చిన్న వాగుల ఇసుకను ఊరి అవసరాలకే వాడాలి, యంత్రాలతో బయటికి తరలించరాదు, వంతెనలు, ఆనకట్టల వంటి కట్టడాలకు, బావులకు 500 మీటర్ల లోపు తీయరాదు అని వాల్టా నిబంధనలు చెబుతున్నాయి. ఆ 500 మీటర్లను కొలిచిందెవరు? టేపు పట్టుకుని వాగులో దిగిన అధికారి ఉంటే ఆయనకు దండం. జరిగేది ఇది. సొంత ఇంటికో, ప్రభుత్వ పనికో అని కొన్ని ట్రిప్పులకు పర్మిషన్ పుడుతుంది. అదే చీటీ మీద పొద్దంతా ట్రాక్టరు తిరుగుతుంది. ఎవరైనా ఫోన్ చేస్తే రెవెన్యూవాళ్లు వచ్చి రెండు బండ్లు పట్టుకుంటారు, అవి ఠాణా ఆవరణలో కొన్నాళ్లు ఎండకు ఎండుతాయి, జరిమానా కట్టి బయటపడతాయి. ఒక్క మంచి రాత్రి ఆదాయంతో జరిమానా తీరిపోయేటప్పుడు అది శిక్ష కాదు, లైసెన్సు ఫీజు.

ఉత్తర తెలంగాణలో కొన్నిచోట్ల గ్రామాభివృద్ధి కమిటీలే వాగును వేలం వేసి, ట్రిప్పుకు ఇంత అని గుడికో, ఊరి ఖర్చుకో వసూలు చేస్తాయి. అక్కడ కావలివాడే అమ్మకందారు. ఖనిజం తవ్వినందుకు కట్టే సీనరేజిలో, ఖనిజ నిధిలో స్థానిక సంస్థలకు వాటా ఉండటం న్యాయమే, గుట్ట పోయిన ఊరికి ఏదో ఒకటి దక్కాలి. కానీ క్వారీ నడిస్తేనే డబ్బు వచ్చే సంస్థను క్వారీ మీద కాపలా పెట్టడం ఎంత తెలివైన పనో ఆలోచించాలి.

పరిశ్రమల విషయంలో మన పక్కనే పాఠం ఉంది. సిద్దిపేట ఒకప్పుడు భాగమైన ఉమ్మడి మెదక్ జిల్లాలోనే పటాన్‌చెరు ఉండేది. 1980ల నుంచి అక్కడి మందుల, రసాయనాల పరిశ్రమల మురుగు నక్కవాగును, చుట్టుపక్కల చెరువుల్ని చంపింది. కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లి, హైకోర్టుకు మారి, హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017 అక్టోబరులో తీర్పు వచ్చేసరికి ఒక తరం గడిచిపోయింది. శుద్ధి చేశామంటున్న ఉమ్మడి ప్లాంటు నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురిస్తే ప్రపంచం ఉలిక్కిపడింది. నీళ్లు రంగు మారాయని, పశువులు చస్తున్నాయని ఊరివాళ్లు అంతకు ఇరవై ఏళ్ల ముందే చెప్పారు. వినాల్సిన చోట వినలేదు.

ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోని ములుగు, వర్గల్, మర్కూక్, గజ్వేల్ మండలాల వైపు పరిశ్రమలు వచ్చాయి. ప్రాజెక్టు పెట్టాలంటే ఒక అనుమతి, నడపాలంటే మరో అనుమతి కాలుష్య నియంత్రణ మండలి ఇస్తుంది. 2014 టీఎస్ ఐపాస్ విధానం పేరులోనే స్వీయ ధ్రువీకరణ ఉంది. ఎక్కువ కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలు గొట్టానికీ కాలువకూ ఆన్‌లైన్ యంత్రాలు బిగించాలని కేంద్ర మండలి 2014లో ఆదేశించింది. ఆ అంకెలు హైదరాబాద్ సర్వరుకు, ఢిల్లీ సర్వరుకు పోతాయి. కంపెనీ గోడ పక్క పొలమున్న రైతుకు మాత్రం ముక్కే యంత్రం. 2023 జన విశ్వాస్ చట్టం పర్యావరణ పరిరక్షణ చట్టంలో జైలు శిక్ష తీసేసి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టింది. కేసులు త్వరగా తేలతాయని వాదన. ఇసుక జరిమానా అనుభవం చూసినవాళ్లకు ఆ నమ్మకం కలగడం కష్టం.

ఒక మూల మాట మిగిలింది. జిల్లాలో నేలనూ నీటినీ అన్నింటికంటే ఎక్కువగా కదిలించింది ఏ కంపెనీయో, ఏ రైతో కాదు, ప్రభుత్వమే. 50 టీఎంసీల మల్లన్నసాగర్ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లు మునిగాయి. కాళేశ్వరానికి 2017 డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. అప్పటికే పనులు చాలా దూరం నడిచాయని, ముందు కట్టి వెనక తీసుకున్న అనుమతి చట్టవిరుద్ధమని హరిత ట్రిబ్యునల్ 2020 అక్టోబరు 20న తేల్చింది. ఆనాటికి రంగనాయక సాగర్ నిండి అలలు కొడుతోంది. కావలసిన నీళ్లే, రైతుకు ఉపయోగమే. కానీ నిబంధన తప్పింది పెద్దవాడైతే నష్టాన్ని లెక్కగట్టే కమిటీ వస్తుంది, చిన్నవాడైతే ట్రాక్టరు సీజవుతుంది. ఇది చూసిన సర్పంచ్ వాల్టా గురించి ఏ మొహంతో మాట్లాడతాడు?

2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసింది. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. ఇప్పుడు జిల్లాలో ఐదువందల దాకా కొత్త పాలకవర్గాలున్నాయి. వాటికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు, ఉన్నవాటిలో నిద్రపోతున్న అక్షరాలు చాలు. ఏ ప్రాజెక్టుకైనా పర్యావరణ అనుమతి వస్తే దాని ప్రతిని యజమాని స్థానిక సంస్థకు ఇవ్వాలి, ఆ సంస్థ 30 రోజులు నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఆ షరతులు ఎలా పాటిస్తున్నదీ యజమాని ఆరు నెలలకోసారి, జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. పంచాయతీ బోర్డుల మీద పన్ను బకాయిల జాబితా, పోలియో చుక్కల పోస్టరు కనిపిస్తాయి గానీ ఇవి కనిపించవు. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టి, మస్టరు రోల్‌ను ఊరి మధ్య చదివి వినిపించే పద్ధతిని ఉమ్మడి రాష్ట్రమే దేశానికి చూపించింది. ఇసుక పర్మిట్లకు, క్వారీ షరతులకు, పీజోమీటరు రీడింగుకు అదే పద్ధతి పెట్టడానికి అడ్డేమీ లేదు.

గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలని 2018 చట్టం చెబుతోంది. ఈసారి మీ ఊళ్లో జరిగినప్పుడు మూడు కాగితాలు అడగండి: ఈ రెండు నెలల్లో ఇచ్చిన ఇసుక పర్మిట్ల జాబితా, దగ్గరి పీజోమీటరులో నీటి మట్టం, ఊరి హద్దుల్లోని క్వారీకో కంపెనీకో ఇచ్చిన అనుమతి పత్రం. లేవంటే లేవని మినిట్స్ పుస్తకంలో రాయించి, కింద సంతకం పెట్టి రండి.